ముందు కొలత, తర్వాతే అందాజ

మా దిక్కు ఇళ్లలో వంట నేర్పడమంటే ఒక్కటే మాట: ‘అందాజగ ఎయ్యి.’ ఉప్పెంత అంటే అందాజ. ఎసరెంత అంటే అందాజ. పప్పులో చింతపండు పులుసు ఎంత పొయ్యాలంటే ‘కండ్లు లేవా, చూసి పొయ్యి’. డబ్బు దగ్గరికొచ్చినా ఇదే తంతు. ఇంటి ఖర్చు నెలకెంత అవుతుందని మా బొగ్గుబాయి ఊరు బెల్లంపల్లిలో ఎవరినైనా అడగండి, కాసేపు పైకి చూసి నోటికొచ్చిన అంకె చెబుతారు. బాకీ ఎంతుందని అడిగితే ఆ అంకె కూడా రాదు.

అందాజను తీసిపారెయ్యడానికి లేదు. ముప్పై ఏళ్లు వండిన చెయ్యి డబ్బాలోంచి ఉప్పు తీస్తే అది సరిగ్గా సరిపోతుంది. చిక్కల్లా, దానికి ముప్పై ఏళ్లు పట్టిందన్న సంగతి ఆ తల్లికే గుర్తుండదు. కొత్తగా పొయ్యి ముందు నిలబడ్డవాడికీ, కొత్తగా జీతం అందుకున్నవాడికీ మొదట కావలసింది కొలత. కొలిచి, చెడగొట్టి, మళ్లీ కొలిచి, ఆ తర్వాత సంపాదించుకునేది అందాజ. ఈ వరస తలకిందులైనందుకే మన బొగ్గుబాయి ఊళ్లు చాలా సొమ్ము పోగొట్టుకున్నాయి. అన్నం మాడితే పోయేది గిన్నెడు బియ్యం. అప్పు లెక్క తప్పితే పోయేది ఇల్లు.

మన పాతవాళ్లకు లెక్కలు రావనుకుంటే పొరపాటు. నిజాం రాజ్యంలో నడిచింది హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవాళ్లు. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు. నూరు కల్దార్లు కావాలంటే నూట పదహారు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు ఇచ్చుకోవాలి. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. హాలీ సిక్కా 1950ల చివరిదాకా చేతులు మారుతూనే ఉంది. రైలెక్కి బ్రిటిష్ ఇండియాలోని చాందా పోయి సరుకు కొన్నవాడికి ఈ మారకం నోటి లెక్కన తేలాల్సిందే. అలా తేల్చినవాళ్లలో బడి మొహం చూడనివాళ్లు ఎందరో.

అలాంటి మనిషి బ్యాంకు గుమ్మం ముందు మాత్రం ఆగిపోయాడు. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1942లోనే పని మొదలుపెట్టింది. 1969 జూలై 19న కేంద్రం 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేశాక శాఖలు చిన్న ఊళ్లకూ వచ్చాయి. శాఖ వచ్చింది కానీ మనిషి లోపలికి వెళ్లలేదు. లోపల ఫారం ఇంగ్లీషులో ఉంది. పెన్ను దారంతో కట్టేసి ఉంది. కౌంటర్ అవతల కూర్చున్నాయన తల ఎత్తడు. సంతకం రానివాడు వేలిముద్ర వేస్తుంటే వెనక లైన్లో ఉన్నవాళ్లు చూస్తున్నారు. భయమంతా ఆ చూపుల దగ్గర ఉంది. ఏడుకు ఆరు లెక్క తేల్చిన బుర్రకు పాస్‌బుక్ ఓ లెక్క కాదు. నలుగురిలో ‘నాకు తెల్వదు, చెప్పుండ్రి’ అనడమే కష్టమైంది. పొయ్యి దగ్గరా ఇదే అడ్డం పడుతుంది. ఆ మాట తర్వాత.

అప్పట్లో గని కార్మికుడి జీతం కౌంటర్ దగ్గర నోట్లుగా చేతిలో పడేది. బయట అప్పులవాళ్లు కాచుకుని ఉండేవాళ్లు. ఇంటికి చేరేలోపు ఆ నోట్లలో సగం కరిగిపోయేవి. జీతాలు ఖాతాల్లో పడటం మొదలయ్యాక ఈ పీడ వదులుతుందని అందరం అనుకున్నాం. వదల్లేదు. అప్పులవాళ్లు ఏటీఎం కార్డులు కుదువ పెట్టించుకోవడం మొదలుపెట్టారు. కార్డుతోపాటు పిన్ నంబరు కూడా. జీతం పడ్డ రోజు వాళ్లే డబ్బు డ్రా చేసి, తమ వడ్డీ పట్టుకుని, మిగిలింది చేతిలో పెడతారు. బ్యాంకొచ్చింది, ఖాతా వచ్చింది, కార్డు వచ్చింది. డబ్బు మీద పెత్తనం మాత్రం పాతవాళ్లదే. పరికరం మారినంత మాత్రాన వైఖరి మారదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇక గిరిగిరి సంగతి. తెలియనివాళ్ల కోసం: రోజువారీ వసూలు చేసుకునే అప్పు ఇది. బండి మీద మనిషి సాయంత్రం దుకాణాల ముందు ఆగుతూ పోతాడు, చిన్న కార్డు మీద గీత పెడతాడు. సాధారణంగా లెక్క ఇలా ఉంటుంది. పది వేల అప్పు. వడ్డీ వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాలి. తీసుకున్నవాడిని అడిగితే, ‘పది వేలకు వెయ్యేగదా, నూటికి పది, గదేం పెద్ద?’ అంటాడు.

అది అందాజ. ఇప్పుడు కొలుద్దాం. మొదటి రోజు మీ చేతిలో ఉన్నది తొమ్మిది వేలు. రెండో రోజు నుంచే తిరిగి కట్టడం మొదలు. సగం రోజులు గడిచేసరికి సగం డబ్బు వెనక్కి వెళ్లిపోయింది. అంటే ఆ నూరు రోజులూ సగటున మీరు వాడుకున్నది నాలుగున్నర వేలే. దానికి మీరిచ్చిన వడ్డీ వెయ్యి. నూరు రోజులకే ఇది 22 శాతం. ఏడాదికి లెక్కగడితే 80 శాతం దాటింది. మనకు అలవాటైన మాటలో చెప్పాలంటే నూటికి నెలకు ఆరున్నర రూపాయల పైమాటే. ఏ షావుకారైనా మొహం మీద ‘ఆరున్నర రూపాయల వడ్డీ’ అంటే మనం లేచి వచ్చేస్తాం. గిరిగిరిలో అదే వడ్డీని నవ్వుతూ కడతాం.

ఇంకో తకరారు ఉంది. మనం వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలు అంటాం. బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అంటుంది. రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. బ్యాంకువాడి 12 శాతం మన లెక్కలో రూపాయి వడ్డీ. ఈ రెంటినీ పక్కపక్కన రాసుకోనివాడికి ‘పన్నెండా!’ అనేది బరువుగానూ, ‘రెండే’ అనేది తేలికగానూ వినిపిస్తాయి. 2004 తర్వాత మహిళా సంఘాల రుణాలకు పెట్టిన పథకానికి పావలా వడ్డీ అని పేరు పెట్టినవాళ్లెవరో గానీ జనం లెక్క తెలిసినవాళ్లు. మూడు శాతం అని ఉంటే సగం మంది పట్టించుకునేవాళ్లు కాదు.

సరే, పొయ్యి దగ్గరికి పోదాం.

బెల్లంపల్లి స్టేషన్లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, హైదరాబాద్ పోయి, అశోక్‌నగర్ గల్లీల్లో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదివే పిల్లలు మనకు కొత్త కాదు. సంచిలో బియ్యం, మామిడికాయ తొక్కు, కారంపొడి. రోజూ మెస్‌లో తింటే డబ్బులు చాలవు, వండుకుందామంటే చేత కాదు. అలా వెళ్లిన మా బంధువుల పిల్లవాడొకడు వాళ్లమ్మకు ఫోన్ చేస్తే నేనూ అక్కడే ఉన్నాను.

‘అమ్మా, ఎసరెంత పెట్టాలె?’

‘బియ్యం మీద ఏలు గణుపు మునిగేదాక పొయ్యి, బిడ్డా.’

‘ఏ గిన్నెల?’

‘ఏ గిన్నెలైతేంది?’

తేడా అంతా ఆ గిన్నెలోనే ఉంది. వాళ్లమ్మ గణుపు లెక్క ఆమె గిన్నెకు, ఆమె రోజూ వండే సేరు బియ్యానికి సరిపోయేది. వాడి దగ్గరున్నది వెడల్పాటి గిన్నె, వండేది ఒక్కడికి. అడుగున పలచగా పరిచిన బియ్యం మీద గణుపు లోతు నీళ్లు పోస్తే అన్నం జావయింది. మర్నాడు కోపంతో నీళ్లు తగ్గించాడు, మూత పెట్టలేదు, మంట పెద్దగా పెట్టాడు. కింద మాడింది, పైన పలుకు. మాడు వాసన రాగానే గరిటె పెట్టి అడుగునుంచీ కలిపేశాడు, ఆ వాసన గిన్నెంతా పట్టింది. తల్లి చెప్పింది తప్పా? కాదు. ఆమెకు తెలిసినదాంట్లో సగం ఆమె నోటికి రాలేదు, అంతే.

కొత్తవాడికి కావలసింది ఒక్క గ్లాసు. బియ్యం కొలిచిన గ్లాసుతోనే నీళ్లు కొలవాలి. పాత బియ్యమైతే గ్లాసుకు రెండు గ్లాసులు, ఆ ఏటి కొత్త బియ్యమైతే ఒకటిన్నర దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలి. అరగంట నానితే మెతుకు సమంగా ఉడుకుతుంది. పొంగు వచ్చాక మంట తగ్గించి మూత పెట్టాలి. అడుగంటితే కదపకుండా పైపై అన్నం వేరే గిన్నెలోకి తీసుకోవాలి. ఎన్ని నీళ్లకు ఎలా వచ్చిందో ఫోన్‌లో రాసి పెట్టుకుంటే నాలుగోసారికి ఫోన్ చూడనక్కర్లేదు. అవ్వలు గంజి వార్చి వండేవాళ్లు కదా, ఆ పద్ధతిని మనం పాతదని వదిలేశాం కానీ కొత్తవాళ్లకు అంతకు మించిన అభయం లేదు. నీళ్లు ఎక్కువైనా వంచేస్తాం కాబట్టి కొలత తప్పినా అన్నం తప్పదు. వంచేటప్పుడు ఆవిరి చేతికి తగలకుండా చూసుకుంటే చాలు.

పోపు దగ్గర మాత్రం తప్పుకు అంత జాగా లేదు. ఆవాలు చిటపటమన్న క్షణానికీ ఎల్లిగడ్డ మాడే క్షణానికీ మధ్య ఉన్నది కొద్ది సెకన్లు. ఆ సెకన్లలో కొత్తవాడు కరివేపాకు ఎక్కడుందో వెతుకుతుంటాడు. నూనె పొగలు కక్కుతుంది. దొరికిన కరివేపాకును కడిగి తడితోనే వేస్తాడు, నూనె మొహం మీదికి చిమ్ముతుంది. కంగారులో కారప్పొడి నేరుగా కాగిన నూనెలో పడుతుంది, నల్లబడుతుంది, గదిలో ఉన్నవాళ్లంతా దగ్గుకుంటూ బయటికి పరుగు. దీనికి మందు తెలివితేటలు కావు. పొయ్యి వెలిగించకముందే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, తుడిచిన కరివేపాకు చేతికి అందే దూరంలో వరసగా పెట్టుకోవడం, మంట కట్టేశాకే కారం వేయడం. ఒకవేళ నూనెకు మంట అంటుకుంటే గ్యాస్ కట్టేసి మూత పెట్టాలి. నీళ్లు మాత్రం పొయ్యొద్దు, మంట పైకి లేస్తుంది. పప్పులో పులుసు తొందరపడి ముందే పోస్తే పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. చింతపండు పులుపు పప్పును ఉడకనివ్వదు. పప్పు మెదిగాకే పులుసు. కుక్కర్లో పప్పుకు సగం మించి నింపొద్దు, ఆవిరి పూర్తిగా దిగకముందు మూత మీద చెయ్యి వేయొద్దు.

జొన్న రొట్టె గురించి చెప్పకుండా ఆదిలాబాద్ వంట గురించి మాట్లాడితే ఒప్పరు. జొన్నపిండికి గోధుమపిండిలోని సాగుడు లేదు, అందుకే మరిగే నీళ్లు పోసి కలుపుతారు. పాత పిండైతే ఎంత పిసికినా అంచులు పగులుతాయి. కొత్తగా తట్టేవాళ్లు చేసే పని ఒకటే: అమ్మ రొట్టె ఎంత ఉంటుందో మొదటి రోజే అంత చెయ్యాలనుకోవడం. తట్టడం వస్తుంది, పెనం మీదికి ఎత్తడం రాదు, రొట్టె రెండు ముక్కలవుతుంది. అరచేయంత రొట్టెతో మొదలుపెట్టిన పిల్ల వారంలో ఎత్తడం నేర్చుకుంటుంది.

డబ్బు దగ్గర నేను చూసిన నష్టాలన్నీ ఈ పెద్ద రొట్టె నష్టాలే. గోల్డెన్ హ్యాండ్‌షేక్ (ముందే ఉద్యోగం వదులుకున్నందుకు కంపెనీ ఇచ్చే సొమ్ము) పుచ్చుకున్నవాళ్లు, రిటైరైనవాళ్లు, దసరాకు కంపెనీ లాభాల వాటా అందుకున్నవాళ్లు జన్మలో మొదటిసారి పెద్ద మొత్తం చూస్తారు. ఐదు వందల రికరింగ్ డిపాజిట్ కూడా ఎన్నడూ కట్టని చెయ్యి, ఐదు లక్షలు తీసుకెళ్లి మూడు రూపాయల వడ్డీ ఇస్తానన్న ఎవరి చేతిలోనో పెడుతుంది. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. అంత ఇస్తానన్నవాడు తాను ఎంతకు తిప్పాలి, ఎవరికి తిప్పాలి? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలామంది ఇళ్లు నిలబడేవి. ‘బ్యాంకు మాత్రం మునగదా?’ అంటారు. మునగొచ్చు. అందుకే డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకులో ఒక మనిషికి, అసలూ వడ్డీ కలిపి ఐదు లక్షల దాకా ఆ బీమా వర్తిస్తుంది. వడ్డీ వ్యాపారి నోటు మీద అలాంటిదేమీ రాసి ఉండదు.

ఇక మా వాడకట్టుల్లో ఎవరూ బయటికి అనని మాట ఒకటి. క్వార్టర్లలో మగవాళ్లు పొయ్యి దగ్గరికి పోలేదు, ఆడవాళ్లు బ్యాంకు దగ్గరికి పోలేదు. ఇద్దరికీ అది గౌరవంగానే కనిపించింది. ఆమె దాచుకున్నది పోపుల డబ్బాలో, బియ్యం డబ్బా అడుగున. 2016 నవంబరు 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు ఆ డబ్బాలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. సొంత ఖాతా ఉన్నామె లైన్లో నిలబడి తన పేరు మీద వేసుకుంది. లేనామె భర్త చేతికిచ్చింది. అలా ఇచ్చినదాంట్లో ఎంత తిరిగొచ్చిందో ఆ ఇళ్లకే తెలుసు.

బ్యాంకు నేర్చుకోవడంలో మగవాళ్లకంటే ముందు నడిచింది డ్వాక్రా సంఘాల ఆడవాళ్లే. రోజుకో రూపాయి పొదుపుతో మొదలుపెట్టి, పుస్తకం రాసుకుని, నెలకోసారి బ్యాంకుకు పోయి, మేనేజర్ ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడారు. వాళ్లకు ఎవరూ ఆర్థిక శాస్త్రం చెప్పలేదు. చిన్న మొత్తంతో, నలుగురి మధ్య, తప్పు చేస్తే సర్దుకునే వీలున్నచోట నేర్చుకున్నారు. భర్త జీతం ఖాతాలో ఎంత పడిందో అడిగే ధైర్యం కూడా చాలామందికి ఆ సంఘంలోనే వచ్చింది. అదే ఇంట్లో భర్త మాత్రం, ఆమె కూతురి కాన్పుకు వెళ్తే నెలరోజులు హోటల్ ఇడ్లీ తిన్నాడు. అన్నం వండుకోలేకపోవడం మగతనమనుకున్నాడు. నాకైతే అందులో మగతనం కనిపించదు, వయసొచ్చినా ఒకరి మీద ఆధారపడ్డం కనిపిస్తుంది.

రైతుల సంగతి కొంత వేరు. 2018 మే 10న హుజూరాబాద్ మండలంలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి నాలుగు వేల చొప్పున చెక్కులు ఇచ్చారు. ఆ చెక్కు పట్టుకుని బ్యాంకు మెట్లెక్కిన పెద్దమనుషులు తర్వాత ఫోన్‌లో మెసేజ్ మోగితే చాలనుకునే దాకా వచ్చారు. మార్పు అంత వేగంగా జరిగింది.

ఆ వేగంలో భయం పోయింది కానీ కొలత రాలేదు. మిర్చి బండి దగ్గర పది రూపాయలకు కూడా ఫోన్ తీసి స్కాన్ చేస్తున్నాం. నోటు తీస్తే జేబు తేలికైనట్టు తెలిసేది, ఫోన్‌కు ఆ బరువు లేదు. గిరిగిరివాడు బండి దిగి యాప్‌లోకి ఎక్కాడు. వడ్డీ ముందే కోసుకోవడం, రోజుల్లో వసూలు, కట్టకపోతే బంధువులకు ఫోన్లు. 2020 చివర్లో తెలంగాణలో ఈ లోన్ యాప్‌ల మీద పోలీసు కేసులయ్యాయి, ప్రాణాలు పోయాయి. పాత మోసానికి కొత్త బొమ్మ అంటించారని పోల్చుకోవాలంటే నూరు రోజుల లెక్క వేసినట్టే వెయ్యాలి: చేతికి ఎంతొచ్చింది, ఎన్ని రోజులు వాడుకున్నాను, ఎంత కట్టాను.

పొయ్యి దగ్గరా అడ్డం పడుతుందని మొదట ఆపిన మాట ఇది: అడగడానికి సిగ్గు. వంటలో ఉప్పెక్కువైతే పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా పారబోస్తాడు. అడిగితే, నీళ్లో ఉడికిన పప్పో కలిపితే తినొచ్చని పక్క గదివాడే చెప్పేవాడు. ఫోన్‌లో మోసపోయినాయనా అంతే, ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని రెండు రోజులు నోరు మూసుకుంటాడు. ఆ రెండు రోజుల్లో డబ్బు ఖాతాలు మారిపోతుంది. వెంటనే 1930కి ఫోన్ చేస్తే ఆపే వీలుంది. డబ్బు మీకు రావడానికి పిన్ నంబరు ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ అడిగారంటే మీ డబ్బు పోతున్నట్టే. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్ దగ్గరికి పైసా ఖర్చు లేకుండా వెళ్లొచ్చు, దారి చెప్పడానికి 14448 నంబరు ఉంది. ఇవన్నీ ఉన్నది అడిగేవాళ్ల కోసమే.

ఈ నెల జీతం పడ్డ రోజు ఒక నోటుపుస్తకం తీయండి. ఒక పేజీలో వచ్చింది, పోయింది, బాకీ ఉన్నది, ఏ బాకీకి ఏడాదికి ఎంత శాతమో రాయండి. రెండో పేజీ ఇంట్లో వంట రానివాళ్లకు ఇవ్వండి, గ్లాసు లెక్కన వాళ్లు వండింది వాళ్లే రాసుకుంటారు. ఇంట్లో ఇద్దరూ రెండు పేజీలూ చూడాలి. తర్వాత పాస్‌బుక్కు, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్) కాగితాలూ తెరిచి నామినీ గడిలో ఎవరి పేరుందో చదవండి. అక్కడ ఎప్పుడో చనిపోయిన తల్లి పేరే ఉన్న ఇళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నాయి. 2025 నవంబరు 1 నుంచి ఒక బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు.